బెంగళూరునుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు దూరమెంత? కాలమెంత?

భూగోళశాస్త్రమును గణితశాస్త్రమును వేఱువేఱు గంటలలో నేర్చుకొనుచున్నందున ఆ రెంటికిని పొత్తు లేదని మన విద్యార్థులలో ననేకులు తలంచుచుందురు. ఈ వ్యాసమున మేము ఎత్తుకొనిన ప్రశ్న ఆ రెంటికిని చెందినది. రెండు దూరపు విమానాశ్రయముల నడుమ ఎంత దూరము కలదు? ఆ దూరము గడచుటకు ఎంత కాలము పట్టును? వినుటకు ఇది ఆఱవ తరగతి లెక్కవలె నుండును. దూరమును వేగముచే భాగించినచో కాలము వచ్చును గదా! కాని ఈ లెక్కలో దూరమే స్థిరమైనది కాదు, వేగమును స్థిరమైనది కాదు, తుదకు గడియారమును నమ్మదగినది కాదు.

ఈ ప్రశ్నను మమ్ము అడుగువారు విద్యార్థులకంటె వారి తల్లిదండ్రులే యెక్కువ. ఇంటి పెద్దపిల్లలు కాలిఫోర్నియాలో ఉద్యోగము చేయుచుండగా, కుమార్తె కాన్పునకు సాయపడుటకై తొలిసారి విమానమెక్కబోవు తల్లి, "మాస్టరుగారూ, ఎన్ని గంటలు కూర్చుండవలెను?" అని అడుగును. టిక్కెట్టు చూచినచో పోవునప్పుడు రెండున్నర గంటల ప్రయాణమువలెను, వచ్చునప్పుడు ఒకటిన్నర దినముల ప్రయాణమువలెను కనబడును. అడిగినవారికి సమాధానము తెలిసియుండుట అవసరము. మందులు వేసికొనువారికి, మోకాళ్ళ నొప్పులు గలవారికి, ఇంటివద్ద ఫోనుకొఱకు వేచియుండువారికి ఇది వట్టి లెక్క కాదు.

ఉదాహరణముగా బెంగళూరు, శాన్‌ఫ్రాన్సిస్కో నగరముల విమానాశ్రయములను తీసికొందము. బెంగళూరు విమానాశ్రయము నగరమునకు ఉత్తరమున దేవనహళ్ళియొద్ద 2008వ సంవత్సరమున తెఱవబడినది. హైదరాబాదు రాజమార్గమునకు చేరువగా నున్నందున మన రాయలసీమవారిలో పెక్కుమందికి అదియే విమానాశ్రయము. శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరములలో తెలుగువారు ఎంతమంది కాపురమున్నారో వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఈ రెండు పట్టణములను ఒకే విమానముతో కలుపుటకు 2021వ సంవత్సరము జనవరిలో ఎయిరిండియావారు పూనుకొనిరి. ఆ తొలి ప్రయాణమునుగూర్చి ముందు చెప్పెదము.

మొదట పటము సంగతి. తరగతిగది గోడకు వ్రేలాడు ప్రపంచపటములో బెంగళూరు నడిమికి కొంత కుడివైపునను, శాన్‌ఫ్రాన్సిస్కో ఎడమ అంచు దగ్గఱను ఉండును. ఒక విద్యార్థిని పిలిచి ఈ రెంటిని కలిపి గీత గీయుమన్నచో స్కేలు పెట్టి పడమరగా గీయును. అరేబియా సముద్రము, సహారా ఎడారి, అట్లాంటిక్ మహాసముద్రము, ఉత్తర అమెరికా ఖండము దాటి ఆ గీత గమ్యమును చేరును. ఆ గీత వెంబడి నిజముగా పోయినచో నడువవలసిన దూరము సుమారు 20,000 కిలోమీటర్లు, అనగా భూమి చుట్టుకొలతలో సగము! కొంచెము తెలివిగల బాలుడు పటముయొక్క రెండు అంచులును ఒక్కటే యని జ్ఞాపకము చేసికొని, తూర్పుగా పసిఫిక్ మహాసముద్రముమీద గీత గీయును. అది సుమారు 16,100 కిలోమీటర్లు. ఈతడు ఒక్క ఆలోచనతో నాలుగువేల కిలోమీటర్లు మిగిల్చినాడు. అయినను అదియు దగ్గఱి దారి కాదు.

ఇందుకు కారణము గుండ్రని భూమిని చదరపు కాగితముమీద పఱచుటయే. నారింజపండు తొక్కను చింపక, సాగదీయక, బల్లమీద సమముగా పఱచుట ఎవరికిని సాధ్యము కాదు. 1569వ సంవత్సరమున మెర్కేటరు అను పటకారుడు సిద్ధపఱచిన పటము నావికులకొఱకు చేయబడినది. దానిమీద గీచిన సరళరేఖ వెంబడి పోవు ఓడకు దిక్సూచి చూపు దిక్కు మొదటినుండి తుదివఱకు మాఱదు. సముద్రముమీద అది గొప్ప సౌకర్యము. అయితే దిక్కు మాఱని దారి వేఱు, దగ్గఱి దారి వేఱు. ధ్రువములవైపు పోవుకొలది ఆ పటము దేశములను విపరీతముగా సాగదీయును. దానిలో గ్రీన్లాండు ఆఫ్రికా ఖండమంత కనబడును, నిజమునకు అది ఆఫ్రికాలో పదునాలుగవవంతైన నుండదు.

ఇప్పుడు గోళమును తీసికొనుడు. పాఠశాలలో నున్న చిన్న గోళమైనను చాలును. ఒక దారమును బెంగళూరుమీద బొటనవ్రేలితో నొక్కిపట్టి, రెండవ కొసను శాన్‌ఫ్రాన్సిస్కోకు చేర్చి బిగువుగా లాగుడు. దారము తనంతట తాను దగ్గఱి దారిని వెదకికొనును. చూచితిరా? అది తూర్పునకు పోలేదు, పడమరకు పోలేదు, ఉత్తరమునకు ఎగబ్రాకినది. దీనినే మహావృత్తమార్గమందురు. భూగోళమును సరిగా మధ్యకు రెండు చెక్కలు చేసినట్టు కోసినచో ఆ కోత అంచు మహావృత్తము. భూమధ్యరేఖ ఒక మహావృత్తము. తక్కిన అక్షాంశరేఖలు మహావృత్తములు కావు. అందుచేతనే అక్షాంశము వెంబడి సాగు దారి దగ్గఱి దారి కానేరదు. అరువది డిగ్రీల ఉత్తర అక్షాంశముమీద, ఒకదానికొకటి సరిగా ఎదురుగా నున్న రెండు ఊళ్ళను ఊహింపుడు. ఆ అక్షాంశము వెంబడి పోయిన సుమారు 10,000 కిలోమీటర్లు. ధ్రువముమీదుగా పోయిన 6,670 మాత్రమే.

దారముతో కొలిచిన దూరమును లెక్కతో సరిచూచుకొనవలెనుగదా. దానికి పెద్ద గణితము అవసరము లేదు, కూడిక చాలును. భూమి చుట్టుకొలత సుమారు 40,030 కిలోమీటర్లు. దానిని 360చే భాగించినచో ఒక డిగ్రీకి 111.2 కిలోమీటర్లు వచ్చును. బెంగళూరు విమానాశ్రయము 13.2 డిగ్రీల ఉత్తర అక్షాంశముననున్నది, కనుక అక్కడనుండి ఉత్తర ధ్రువమునకు 76.8 డిగ్రీలు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయము 37.6 డిగ్రీల ఉత్తర అక్షాంశముననున్నది, కనుక ధ్రువమునుండి అక్కడికి 52.4 డిగ్రీలు. మొత్తము 129.2 డిగ్రీలు. దీనిని 111.2చే గుణించినచో 14,367 కిలోమీటర్లు. అనగా ధ్రువమునకు తిన్నగా ఎక్కి, అక్కడనుండి తిన్నగా దిగినను, పటముమీద స్కేలుతో గీచిన రెండు గీతలకంటెను దగ్గఱగానే చేరుదుము.

ధ్రువము దారిలో పడుట ఏలనో కూడ చెప్పవలెను. బెంగళూరు 77.7 డిగ్రీల తూర్పు రేఖాంశముననున్నది, శాన్‌ఫ్రాన్సిస్కో 122.4 డిగ్రీల పశ్చిమ రేఖాంశముననున్నది. తూర్పుగా లెక్కించిన వీని భేదము సుమారు 160 డిగ్రీలు. 180 డిగ్రీలున్నచో రెండును సరిగా ఎదురెదురు రేఖాంశములయి, దగ్గఱి దారి ధ్రువముమీదుగానే పోవును. ఇరువది డిగ్రీలు తక్కువ గనుక దారము ధ్రువమును తాకక, కొంచెము ప్రక్కగా జాఱినది. దుబాయి విషయము చూడుడు. అక్కడికిని శాన్‌ఫ్రాన్సిస్కోకును రేఖాంశభేదము దాదాపు 178 డిగ్రీలు. ఆ రెండూళ్ళ నడుమ దగ్గఱి దారి ధ్రువమును ఒరసికొనియే పోవును.

పైతరగతులవారికొఱకు అసలు సూత్రము కూడ ఇచ్చుచున్నాము. రెండు అక్షాంశముల సైనులను గుణింపుడు. రెండు అక్షాంశముల కొసైనులను, రేఖాంశభేదముయొక్క కొసైనును గుణింపుడు. ఈ రెండు లబ్ధములను కూడినచో వచ్చునది మనకు కావలసిన కోణముయొక్క కొసైను. మొదటి లబ్ధము 0.2284, 0.6101ల గుణకారము, 0.1393. రెండవది 0.9736, 0.7923, ఋణ 0.9397ల గుణకారము, ఋణ 0.7248. మొత్తము ఋణ 0.5855. దానికి తగిన కోణము 125.84 డిగ్రీలు. 111.2చే గుణించినచో 13,993 కిలోమీటర్లు. 2021లో ఈ ప్రయాణమునుగూర్చి ప్రకటించిన ఆకాశదూరము కూడ 13,993 కిలోమీటర్లే. ఇంతకంటె తృప్తినిచ్చు లెక్క పదవ తరగతి పుస్తకములో తఱచుగా దొరకదు. రేఖాంశభేదము 90 డిగ్రీలు మించినపుడు దాని కొసైను ఋణసంఖ్య యగునను మాట మఱచినవారికి మాత్రము ఉత్తరము తాఱుమాఱగును.

కనుక దూరము తేలినది. ఇక విమానము ఆ దారమువెంబడి పోవునా? పోదు. ఇదియే విద్యార్థులు ఎక్కువ శ్రద్ధతో చదువవలసిన భాగము.

దారము ఏ దేశములమీదుగా పోయినదో గోళముమీద చూచికొనుడు. నేపాళము, టిబెట్టు, చీనాలోని సింకియాంగు, మంగోలియా ప్రాంతము, తూర్పు సైబీరియా, ఉత్తరమున సుమారు 71వ అక్షాంశమువఱకు ఎక్కి మంచుసముద్రపు టంచు, అక్కడనుండి అలాస్కా, పిమ్మట పసిఫిక్ తీరము. ఇందులో మొదటి అడ్డు హిమాలయములును టిబెట్టు పీఠభూమియును. విమానము పదునొకండు కిలోమీటర్ల ఎత్తున పోవునుగదా, ఎనిమిది తొమ్మిది కిలోమీటర్ల పర్వతము ఎట్లు అడ్డమగునని అడుగవచ్చును. పర్వతము తగులునని కాదు భయము. విమానములోని గాలి ఏ కారణముచేతనైన బయటికి పోయినచో, ప్రయాణికుల తలపైనుండి ముసుగులు జాఱి ప్రాణవాయువు నిచ్చును. అది పావుగంట ప్రాంతము మాత్రమే చాలును. ఆ లోపల పైలటు మూడువేల మీటర్ల ఎత్తునకు దిగవలెను, అక్కడ గాలి పీల్చుకొనుటకు చాలును. కాని టిబెట్టు నేలయే సగటున 4,500 మీటర్లకు మించిన ఎత్తుననున్నది! దిగుటకు చోటు లేదు. అందుచేత విమానములు సామాన్యముగా ఆ ప్రాంతమును చుట్టిపోవును.

రెండవ అడ్డు యింజను విషయము. నేటి పెద్ద విమానములలో పెక్కింటికి రెండే యింజనులు. ఒకటి ఆగినను రెండవదానితో ఎగురగలవు, కాని నిర్ణయింపబడిన నిమిషములలోపల ఏదో ఒక విమానాశ్రయమును చేరగల దారినే పోవలెనని కట్టుబాటు కలదు. ఆ నిమిషములు విమానమునుబట్టి, దాని యజమానులు పొందిన అనుమతినిబట్టి 180గాని అంతకెక్కువగాని యుండును. ఈ కట్టుబాటు వట్టి కాగితపుమాట కాదని 2023 జూన్ 6వ తేదీన లోకమునకు తెలిసినది. ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవుచుండిన ఎయిరిండియా విమానమున యింజనులో దోషము కనబడగా, తూర్పు రష్యాలోని మగదాన్ పట్టణమున దించిరి. 216 మంది ప్రయాణికులును 16 మంది సిబ్బందియును క్షేమముగా దిగిరి. ఆ చిన్న యూరిలో అంతమందికి పూటకూళ్ళ యిండ్లు చాలక కొందఱు పాఠశాల భవనములో పండుకొనిరి. వేఱొక విమానము వచ్చి జూన్ 8వ తేదీన వారిని గమ్యమునకు చేర్చినది. దారిప్రక్కన ఎవ్వరికిని పట్టని ఒక ఊరు ఉండుటయే ఆ దినమున 232 మందికి మేలైనది.

మూడవది చలి. విమానములలో వాడు ఇంధనము మన కిరోసిను జాతికి చెందినది. దానిలో ఒక రకము సున్నకు 40 డిగ్రీలు దిగువను, మఱియొకటి 47 డిగ్రీలు దిగువను గడ్డకట్ట మొదలిడును. చలికాలమున ధ్రువప్రాంతమున ఎత్తున గాలి అంతకంటెను చల్లగా నుండవచ్చును. అందుచేత పైలటు ఇంధనపు తొట్టిలోని వేడిమిని కనిపెట్టుచు, అవసరమైనచో తక్కువ ఎత్తునకు దిగును, లేక వేగము పెంచును. ధ్రువము దగ్గఱ దిక్సూచి ముల్లును నమ్మరాదు. అది చూపునది అయస్కాంత ధ్రువమునుగాని అసలు ధ్రువమును గాదు. ఇక దేశముల అనుమతి యొకటి కలదు. ఏ రాజ్యపు ఆకాశము ఎవరికి తెఱచియుండునో, ఎవరికి మూసియుండునో దేశముల స్నేహవైరములనుబట్టి మాఱుచుండును. 2022లో రష్యా తన ఆకాశమును అనేక పాశ్చాత్యదేశముల విమానములకు మూసివేసినది. 2025 ఏప్రిలులో పాకిస్తాను తన ఆకాశమును మన విమానములకు మూసినది. గోళముమీద దారమునకు సరిహద్దులు లేవు, విమానమునకు కలవు.

ఇప్పుడు ఆ తొలి ప్రయాణమునకు వత్తము. 2021 జనవరి 9వ తేదీ శనివారము రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోనుండి బోయింగ్ 777 విమానమొకటి బెంగళూరునకు బయలుదేఱినది. దానిని నడిపినవారు కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావనే, శివానీ మన్హాస్ అను నలుగురు స్త్రీలు. మా బాలికలు ఈ పేరులను వ్రాసికొందురుగాక. ధ్రువప్రాంతముమీదుగా వచ్చిన ఆ విమానము సుమారు 16,000 కిలోమీటర్లు గడచెనని నాటి పత్రికలు వ్రాసినవి. దగ్గఱి దారికంటె ఇది రెండువేలు ఎక్కువ. ఆ జాతి విమానము నేలవిడుచునపుడు గరిష్ఠముగా 347 టన్నులు తూగవచ్చును, అందులో సుమారు 145 టన్నులవఱకు ఇంధనమే యుండవచ్చును. దూరము పెరిగినకొలది ఇంధనము పెరుగును, ఆ ఇంధనమును మోయుటకు మఱికొంత ఇంధనము కావలెను. అందుచేతనే ఇట్టి దూరములలో నూఱు కిలోమీటర్లు మిగిలినను లాభమే.

కాలము లెక్క యిప్పుడు చూతము. విమానము గంటకు 900 కిలోమీటర్లు పోవుననుకొందము. 13,993ను 900చే భాగించిన పదునైదున్నర గంటలు. కాని కాలపట్టికలో ఆ ప్రయాణమునకు చూపినది పదునేడు గంటల నలువదియైదు నిమిషములు. రెండుంబావు గంటలు ఎక్కడ పోయినవి? కొంత చుట్టుదారిలో పోయినది. 16,000ను 17.75చే భాగించి చూడుడు, సుమారు 901 వచ్చును. అనగా లెక్క తప్పినది వేగములో గాదు, దూరములో. మఱియు కాలపట్టికలోని కాలము ఆకాశమున గడపిన కాలము మాత్రము గాదు. విమానము తన నిలుకడచోటునుండి కదలినది మొదలు, గమ్యమున చక్రములు నిలిచి చెక్కలడ్డుపెట్టువఱకు లెక్క. నేలమీద ప్రాకుట, వంతుకొఱకు వేచియుండుట, మెల్లగా ఎక్కుట, మెల్లగా దిగుట అన్నియు అందులోనివే.

కొంత గాలిలో పోవును. తొమ్మిదినుండి పండ్రెండు కిలోమీటర్ల ఎత్తున, మధ్య అక్షాంశములలో, పడమటినుండి తూర్పునకు ఒక నదివలె వేగముగా వీచు గాలి కలదు. జెట్ ప్రవాహమని దాని పేరు. ఉష్ణమండలపు వేడిగాలికిని ధ్రువప్రాంతపు చల్లగాలికిని గల భేదముచేతను, భూభ్రమణముచేతను అది పుట్టుచున్నది. చలికాలమున గంటకు 200 కిలోమీటర్లు మించుట సామాన్యము. ఏటివాలున పోవు పడవకును, ఎదురీదు పడవకును గల భేదమే ఇక్కడ. అదే తొలి వారమున బెంగళూరునుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవు విమానమునకు కాలపట్టికలో పదునాఱు గంటలే చూపిరి. పోవుటకును వచ్చుటకును గంటముప్పావు భేదము!

దీనికి అందమైన నిదర్శనము 2016 అక్టోబరులో దొరికినది. అంతవఱకు ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిరిండియా విమానము పడమరగా అట్లాంటిక్‌మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు పోవుచుండెను. ఆ నెలలో దారి మార్చి తూర్పుగా పసిఫిక్‌మీదుగా 15,300 కిలోమీటర్లు పోయిరి. దూరము 1,400 కిలోమీటర్లు పెరిగినది. కాలమో, పదునాలుగున్నర గంటలకు తగ్గినది. సగటున గంటకు 1,055 కిలోమీటర్లు. విమానము మాఱలేదు, యింజనులు మాఱలేదు, గాలి వెనుకనుండి త్రోసినది. ఆ రెండూళ్ళ నడుమ మహావృత్తముమీది దూరము 12,400 కిలోమీటర్లు కూడ లేదని మన సూత్రము చెప్పును. దగ్గఱిదారి, అలవాటైన దారి, త్వరగా చేర్చిన దారి, మూడును మూడు వేఱు దారులు.

ఇక్కడ ప్రతి సంవత్సరము ఎవరో యొకరు వేయు ప్రశ్న కలదు. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నదిగదా, పడమరకు పోవు విమానమునకు గమ్యమే ఎదురువచ్చి ప్రయాణము తగ్గవలెను, ఎక్కువగుట యేమి? మంచి ప్రశ్న. అడిగినవానిని చూచి నవ్వరాదు. భూమధ్యరేఖయొద్ద నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగమున తిరుగుచున్నది. భూమి తిరుగుచు గాలిని విడిచిపెట్టుచున్నచో మనము ఒక్క ఎగురు ఎగిరి దిగునప్పటికి గోడకు కొట్టుకొనవలెను! గాలియు, మేఘములును, విమానమును భూమితోపాటే తిరుగుచున్నవి. పరుగెత్తు రైలుపెట్టెలో నిలుచుండి పైకెగిరినవాడు ఎగిరినచోటనే దిగును. కనుక నేల తిరుగుట లెక్కలోనికి రాదు, నేలకంటె వేగముగానో మెల్లగానో కదలుచున్న గాలి మాత్రమే వచ్చును.

ఇక గడియారము. మన దేశపు కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమునుబట్టి ఏర్పడినది. ఆ రేఖ మన కాకినాడ సమీపమున పోవుచున్నది. కాలిఫోర్నియా చలికాలపు కాలము 120 డిగ్రీల పశ్చిమ రేఖాంశముది. రెంటిని కూడిన 202½. పదునైదు డిగ్రీలకు ఒక గంట చొప్పున పదమూడున్నర గంటలు. మనము అంత ముందు, వారు అంత వెనుక. వేసవిలో వారు గడియారమును ఒక గంట ముందునకు త్రిప్పుదురు గనుక అప్పుడు పండ్రెండున్నర.

2021 జనవరి 9 శనివారము రాత్రి ఎనిమిదిన్నరకు అక్కడ బయలుదేరువేళ, ఇక్కడ ఆదివారము ఉదయము పది గంటలు. పదునేడుముప్పావు గంటలు కూడినచో సోమవారము తెల్లవారుజామున మూడుముప్పావు. శనివారమెక్కి సోమవారము దిగినవారి ఆదివారమేమయినది? చేతిగడియారమును త్రిప్పని ప్రయాణికునికి అప్పుడు ఆదివారము మధ్యాహ్నము రెండుంబావు మాత్రమే. తక్కిన ఆదివారము అతనికి దక్కలేదు. తిరుగు విమానమునకు ఇందుకు మాఱు. జనవరి 11 సోమవారము మధ్యాహ్నము రెండున్నరకు బెంగళూరు విడిచి, అదే సోమవారము సాయంకాలము అయిదు గంటలకు శాన్‌ఫ్రాన్సిస్కో చేరునట్లు కాలపట్టిక. గడియారమునుబట్టి రెండున్నర గంటలు, ఒంటికి తెలిసినది పదునాఱు. అందుచేత టిక్కెట్టుమీది రెండు వేళలను ఎన్నడును తీసివేయరాదు. ముందుగా రెంటిని మన కాలమునకు మార్చి, పిమ్మట తీసివేయవలెను. రోజునకు ఇన్ని గంటలకొకసారియని మందులు వేసికొనువారు గోడగడియారము చూడక, ఎన్నిగంటలు గడచినవో లెక్కించుటకు బయలుదేరకముందే తమ వైద్యుని అడిగి ఒక కాగితముమీద వ్రాసికొనుట మంచిది.

తల్లిదండ్రులు మఱియొక సంగతి గమనింపవలెను. విమానకాలము ప్రయాణకాలము కాదు. అనంతపురమునుండి దేవనహళ్ళికి సుమారు 180 కిలోమీటర్లు, కారులో మూడు గంటలు. విదేశప్రయాణమునకు విమానాశ్రయమును మూడు గంటలు ముందుగా చేరవలెను. ఒకే విమానమున తిన్నగా పోయినను పదునాఱు గంటలు. అక్కడ దిగినతర్వాత అధికారుల యెదుట వరుసలో నిలుచుట, పెట్టెలు తీసికొనుట గంటకు తక్కువ కాదు. మొత్తము ఇరువదిమూడు గంటలు. దారిలో ఆగి విమానము మారువారికి ఇంకను పెరుగును. దుబాయి మార్గమే చూడుడు. బెంగళూరునుండి దుబాయికి 2,700, అక్కడనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 13,020, మొత్తము 15,720 కిలోమీటర్లు. తిన్నని దారికంటె దూరము ఎనిమిదవవంతే యెక్కువ, కాని నడుమ వేచియుండు గంటలు కలిపినచో కాలము మూడవవంతుకంటె ఎక్కువ పెరుగవచ్చును. అయినను నడుమ కాళ్ళు చాచుకొనుటకు వీలు దొరకును గనుక వృద్ధులకు అదియే సుఖమని చెప్పువారును కలరు. మేము ఆ మాటను కాదనము.

చదువరులు తమంతట తాము చేయుటకు ఒక లెక్క. హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయము 17.2 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశముననున్నది. లండను హీత్రో విమానాశ్రయము 51.5 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, 0.5 డిగ్రీల పశ్చిమ రేఖాంశముననున్నది. ముందు గోళముమీద దారముతో కొలువుడు, పిమ్మట సూత్రముతో చేయుడు. 7,750 కిలోమీటర్లకు అటునిటు రావలెను. దారపుకొలత రెండువందలు తేడా వచ్చినను చింత లేదు, గోళము చిన్నది. ఇక్కడ ధ్రువముమీది కూడికను వాడరాదు. వాడినచో పండ్రెండువేలు దాటును, ఏలయనగా రేఖాంశభేదము 79 డిగ్రీలే. ఎన్ని డిగ్రీల భేదమునుండి ధ్రువముమీది దారి అక్షాంశము వెంబడి పోవు దారికంటె దగ్గఱయగునో, మొదట అరువదవ అక్షాంశముమీది రెండూళ్ళకు, పిమ్మట ముప్పదవ అక్షాంశముమీది రెండూళ్ళకు లెక్కించి తెచ్చిన విద్యార్థులతో వచ్చు సంవత్సరము తరగతిలో ముచ్చటించెదము.